ఫైర్‌బాల్ వేసినా మాన్‌స్టర్‌కి ఏమీ కాలేదు, ఎందుకు? డీ అండ్ డీలో మ్యాజిక్ డ్యామేజ్, రెసిస్టెన్స్ లెక్క మొత్తం

ఫోన్ కొనేటప్పుడు బాక్స్ మీద ఐపీ68 అని చూసి మనలో చాలామంది "వాటర్‌ప్రూఫ్, ఇంక భయం లేదు" అనుకుంటాం. కానీ ఆ నంబర్ చెప్పేది అంత కాదు. మొదటి అంకె 6 దుమ్ము గురించి. రెండో అంకె 8 నీళ్ళలో మునిగినప్పటి గురించి. పైపుతో గట్టిగా కొట్టే నీళ్ళకి వేరే టెస్ట్ ఉంటుంది. 8 పాసైన ఫోన్ ఆ జెట్ టెస్ట్ కూడా పాసైనట్టు కాదు. అందుకే కొన్ని కంపెనీలు ఐపీ68, ఐపీ69 రెండూ పక్కపక్కనే ప్రింట్ చేస్తాయి. ఇక కింద పడితే గ్లాస్ పగులుతుందా లేదా అన్నది ఐపీ నంబర్‌కి సంబంధమే లేని విషయం.

అంటే "ఈ ఫోన్ గట్టిది" అన్న మాటకి సొంతంగా అర్థం లేదు. దేనికి గట్టిది, ఎంతవరకు గట్టిది అని అడగాలి. టేబుల్‌టాప్ ఫ్యాంటసీ గేమ్స్‌లో మ్యాజిక్ డ్యామేజ్, రెసిస్టెన్స్ కూడా సరిగ్గా ఇదే లెక్క మీద నడుస్తాయి.

ఈ లెక్క నాకు బాగానే వచ్చు అనుకునేవాణ్ణి. పోయిన దసరా సెలవులకి మా ఊరు త్రిపురారం వెళ్ళినప్పుడు తెలిసింది, లెక్క రావడం వేరు, దాన్ని టేబుల్ మీద వాడటం వేరు అని. ఆ రోజు నా వల్ల మా తమ్ముడు ఆట మధ్యలో మానేశాడు. ఆ సంగతి చివర్లో చెప్తాను. ముందు రూల్స్ చూద్దాం.

అసలు ఈ ఆట ఏంటి?

తెలియనివాళ్ళ కోసం రెండు మాటల్లో. డంజియన్స్ అండ్ డ్రాగన్స్, పొట్టిగా డీ అండ్ డీ, 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారు చేసిన ఆట. ఒకరు డంజియన్ మాస్టర్, అంటే డీఎం. కథ నడిపేది, మాన్‌స్టర్స్‌ని ఆడించేది ఆయనే. మిగతావాళ్ళు తలా ఒక క్యారెక్టర్: ఒకరు కత్తివీరుడు, ఒకరు మంత్రగాడు, అలా. ఏం చేయాలనుకుంటున్నారో నోటితో చెప్తారు, అది ఫలిస్తుందా లేదా అన్నది డైస్ వేసి తేలుస్తారు. మామూలు ఆరు ముఖాల పాచికతో పాటు ఇరవై ముఖాల పాచిక కూడా ఉంటుంది. దాన్ని డీ20 అంటారు. 8డీ6 అంటే ఆరు ముఖాల పాచికలు ఎనిమిది వేసి మొత్తం కలపడం.

మీలో చాలామంది బాల్డర్స్ గేట్ 3 ఆడే ఉంటారు, కనీసం గేమ్‌ప్లే వీడియోలైనా చూసి ఉంటారు. 2023లో వచ్చిన ఆ గేమ్ డీ అండ్ డీ ఐదో ఎడిషన్ రూల్స్ మీద కట్టిందే. అక్కడ కంప్యూటర్ లోపల జరిగిపోయే లెక్కని ఇక్కడ మనం నోటితో చేస్తాం, అంతే తేడా.

మ్యాజిక్ డ్యామేజ్ అనే రకం లేదు

కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు ఇదే. "దీనికి మ్యాజిక్ డ్యామేజ్ ఎంత? ఫిజికల్ డ్యామేజ్ ఎంత?" అని అడుగుతారు. కొన్ని మొబైల్ గేమ్స్‌లో ఆ రెండే ఉంటాయి కాబట్టి అలా అనిపించడం సహజం. డీ అండ్ డీ ఐదో ఎడిషన్‌లో డ్యామేజ్ రకాలు 13. వాటిని ఇలా గుర్తు పెట్టుకోవచ్చు:

- ఆయుధాల రకాలు మూడు: స్లాషింగ్ అంటే నరకడం, పియర్సింగ్ అంటే పొడవడం, బ్లడ్జనింగ్ అంటే గదతోనో కర్రతోనో బాదడం.
- ప్రకృతి రకాలు ఐదు: ఫైర్, కోల్డ్, లైట్నింగ్, థండర్, యాసిడ్. లైట్నింగ్ అంటే పిడుగు, థండర్ అంటే ఉరుము శబ్దం కొట్టే దెబ్బ. రెండూ వేర్వేరు.
- ఒంటి మీద, ప్రాణం మీద పనిచేసేవి మూడు: పాయిజన్, ప్రాణాన్ని ఎండగట్టే నెక్రోటిక్, దివ్యతేజస్సులాంటి రేడియంట్.
- మిగిలినవి రెండు: మనసు మీద దెబ్బ కొట్టే సైకిక్, ముడి మంత్రశక్తి అయిన ఫోర్స్.

ఈ గుంపులు నేను చేసుకున్నవి, రూల్ బుక్‌లో 13 ఒకే వరుసలో ఉంటాయి. ముఖ్యమైన పాయింట్ ఏంటంటే, ఆ డ్యామేజ్ మంత్రం నుంచి వచ్చిందా, మామూలుగా వచ్చిందా అన్నది రకం కాదు. మంత్రంతో పుట్టిన మంట, పొయ్యిలో మంట రెండూ ఫైర్ డ్యామేజే. మంత్రించిన కత్తితో నరికినా అది స్లాషింగే. దీనివల్ల ఒక సరదా విషయం జరుగుతుంది. బార్బేరియన్ అనే క్యారెక్టర్ కోపం తెచ్చుకుంటే ఆయుధాల రకాలు మూడింటికీ రెసిస్టెన్స్ వస్తుంది. మంత్రించిన కత్తి దెబ్బ అయినా వాడికి సగమే తగులుతుంది. అదే చిన్న నిప్పురవ్వ వేస్తే పూర్తిగా తగులుతుంది.

మూడు మాటలు: రెసిస్టెన్స్, వల్నరబిలిటీ, ఇమ్యూనిటీ

ఒక మాన్‌స్టర్‌కి ఒక డ్యామేజ్ రకంతో మూడు రకాల సంబంధం ఉండొచ్చు.

రెసిస్టెన్స్ ఉంటే డ్యామేజ్ సగం. సగం చేసేటప్పుడు కిందికి రౌండ్ చేయాలి, 25కి సగం 12.
వల్నరబిలిటీ ఉంటే డ్యామేజ్ రెట్టింపు. ఉదాహరణకి ఎముకల గూడు, అంటే స్కెలెటన్, బ్లడ్జనింగ్‌కి వల్నరబుల్. గదతో బాదితే ఎముకలు పొడి అవుతాయి కదా, ఆ లాజిక్.
ఇమ్యూనిటీ ఉంటే సున్నా. అదే స్కెలెటన్‌కి పాయిజన్ అస్సలు పనిచేయదు. చచ్చినవాడికి విషం ఏం చేస్తుంది?

ఇక్కడ రెండు ట్రాప్స్ ఉన్నాయి. మొదటిది, రెసిస్టెన్స్ మీద రెసిస్టెన్స్ కలవదు. ఉంగరం వల్ల ఫైర్ రెసిస్టెన్స్, మంత్రం వల్ల ఇంకో ఫైర్ రెసిస్టెన్స్ ఉన్నా డ్యామేజ్ పావు కాదు, సగమే. రెండోది, లెక్క చేసే వరుస. ప్లస్, మైనస్‌లన్నీ ముందు, ఆ తర్వాత రెసిస్టెన్స్, చివర్లో వల్నరబిలిటీ.

ఒక లెక్క చేద్దాం. ఫైర్ డ్యామేజ్ 31 వచ్చింది. మాన్‌స్టర్ చుట్టూ ఉన్న రక్షణ వలయం ప్రతి దెబ్బలో 6 తగ్గిస్తుంది. పైగా దానికి ఫైర్ రెసిస్టెన్స్ ఉంది. సరైన వరుస: 31 నుంచి 6 తీస్తే 25, అందులో సగం 12. తప్పు వరుస: ముందు సగం చేస్తే 15, దాన్నుంచి 6 తీస్తే 9. మూడు పాయింట్ల తేడా చిన్నదే అనిపిస్తుంది. కానీ మూడు హిట్ పాయింట్స్ మిగిలిన మాన్‌స్టర్ తర్వాతి టర్న్‌లో మీ క్యారెక్టర్‌ని చంపేస్తే అప్పుడు చిన్నది అనిపించదు. మనం కోడ్‌లో బ్రాకెట్లు తప్పు పెడితే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

సేవింగ్ త్రో వేరు, రెసిస్టెన్స్ వేరు

ఫైర్‌బాల్ అందరికీ తెలిసిన మంత్రం. మూడో లెవెల్ స్పెల్, డ్యామేజ్ 8డీ6 ఫైర్, యావరేజ్ 28. ఆ మంట పరిధిలో ఉన్నవాళ్ళు పక్కకి దూకి తప్పించుకునే ప్రయత్నం చేస్తారు. దాన్నే సేవింగ్ త్రో అంటారు. డీ20 వేసి కావలసిన నంబర్ వస్తే డ్యామేజ్ సగం.

ఇదీ సగమే, రెసిస్టెన్సూ సగమే, కాబట్టి రెండూ ఒకటే అనుకోవద్దు. సేవ్ అనేది తప్పించుకోవడం, రెసిస్టెన్స్ అనేది తట్టుకోవడం. రెండు రెసిస్టెన్స్‌లు కలవవు కానీ ఈ రెండూ కలుస్తాయి. సేవ్ పాసై, ఫైర్ రెసిస్టెన్స్ కూడా ఉంటే 28 కాస్తా 14 అయి, ఆ 14 కాస్తా 7 అవుతుంది.

ఇంకో పేరు అందర్నీ బోల్తా కొట్టిస్తుంది: మ్యాజిక్ రెసిస్టెన్స్. కొన్ని మాన్‌స్టర్స్‌కి ఈ గుణం ఉంటుంది. పేరు చూసి "మంత్రాలన్నీ సగం" అనుకుంటాం. అది కాదు. మంత్రాల మీద సేవింగ్ త్రో వేసేటప్పుడు డీ20 రెండుసార్లు వేసి పెద్ద నంబర్ తీసుకోవచ్చు, అంతే. సేవ్ లేని మంత్రాల మీద దాని ప్రభావం ఏమీ ఉండదు. ఫైర్ బోల్ట్‌కి అటాక్ రోల్ మాత్రమే ఉంటుంది. మ్యాజిక్ మిసైల్‌కి అది కూడా లేదు, నేరుగా తగులుతుంది. ఈ రెండింటి ముందు మ్యాజిక్ రెసిస్టెన్స్ నిలబడదు.

నంబర్స్‌లో చూద్దాం. సేవ్ పాస్ కావడానికి 11 గానీ అంతకంటే ఎక్కువ గానీ రావాలి అనుకోండి. ఫైర్‌బాల్ యావరేజ్ డ్యామేజ్ ఇలా ఉంటుంది:

- ఏమీ లేని మాన్‌స్టర్: పాస్ అయ్యే ఛాన్స్ 50 శాతం, యావరేజ్ 21.
- మ్యాజిక్ రెసిస్టెన్స్ ఉన్నది: ఛాన్స్ 75 శాతం, యావరేజ్ 17.5.
- ఫైర్ రెసిస్టెన్స్ ఉన్నది: ఛాన్స్ 50 శాతమే, కానీ యావరేజ్ దాదాపు 10.5.

పేరు పెద్దగా ఉన్న మ్యాజిక్ రెసిస్టెన్స్ కంటే మామూలు ఫైర్ రెసిస్టెన్స్ ఫైర్‌బాల్‌ని చాలా గట్టిగా ఆపుతుంది. స్పెక్ షీట్‌లో పెద్ద పేరున్న ఫీచర్ రోజువారీ వాడకంలో తక్కువ ఉపయోగపడటం మనకి కొత్తేం కాదు కదా.

షరతులున్న ఇమ్యూనిటీ: హిరణ్యకశిపుడి వరం

2014 రూల్స్‌లో తోడేలు మనిషి, అంటే వేర్‌వుల్ఫ్‌కి ఒక ఇమ్యూనిటీ ఉంది. మూడు ఆయుధ రకాల డ్యామేజ్ దానికి తగలదు, కానీ ఆ ఆయుధం మంత్రించినది కాకపోతేనే, వెండిపూత ఉన్నది కాకపోతేనే. ఒక ఇమ్యూనిటీ, దానికి రెండు షరతులు.

తెలుగువాళ్ళకి ఇది కొత్తగా వివరించక్కర్లేదు. హిరణ్యకశిపుడి వరం ఇదే కదా. మనిషి చేతిలో చావు లేదు, మృగం చేతిలో లేదు, పగలు లేదు, రాత్రి లేదు, లోపల లేదు, బయట లేదు, నేల మీద లేదు, ఆకాశంలో లేదు, ఆయుధంతో లేదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు చూస్తే అది ఒక పెద్ద ఇఫ్ కండిషన్. అన్ని కేసులూ కవర్ చేశాననుకున్నాడు. నరసింహుడు వచ్చి సాయంసంధ్య, గడప, ఒడి, గోళ్ళు అని ఎడ్జ్ కేసులన్నీ ఒకేసారి టెస్ట్ చేశాడు. అక్కడ వరం అబద్ధం కాలేదు, రాసింది రాసినట్టే పనిచేసింది. డీ అండ్ డీ రూల్స్ కూడా అలాగే చదవాలి. రాసిన షరతు వరకే ఇమ్యూనిటీ, దాని బయట లేదు. వేర్‌వుల్ఫ్‌కి కత్తి తగలకపోయినా నిప్పు తగులుతుంది, ఎందుకంటే ఫైర్ ఆ లిస్టులో లేదు.

2025లో వచ్చిన కొత్త మాన్‌స్టర్ మాన్యువల్‌లో ఈ "మంత్రించని ఆయుధం" షరతు తీసేశారు. కాబట్టి మీ గ్రూప్ ఏ రూల్స్ వాడుతోందో ఆట మొదలుకాకముందే అడగండి.

సగం చేయడమా, తీసేయడమా?

రెసిస్టెన్స్ అంటే సగం అన్నది ఐదో ఎడిషన్ పద్ధతి మాత్రమే. మొదట్లో మ్యాజిక్ రెసిస్టెన్స్ శాతాల్లో ఉండేది. అంత శాతం ఛాన్స్‌తో మంత్రం అస్సలు పనిచేయదు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో స్పెల్ రెసిస్టెన్స్ ఒక నంబర్ అయింది. మంత్రగాడు డీ20 వేసి, తన క్యాస్టర్ లెవెల్ కలిపి ఆ నంబర్‌ని అందుకోవాలి. నిప్పు, చలి లాంటివాటికి "ఫైర్ రెసిస్టెన్స్ 10" అని ఉంటే డ్యామేజ్‌లోంచి 10 తీసేసేవాళ్ళు. 2014లో ఐదో ఎడిషన్ వచ్చి వీటిని సగం, రెట్టింపు, సున్నాగా సింపుల్ చేసింది. 2019లో వచ్చిన పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ మాత్రం ఇప్పటికీ తీసివేత పద్ధతే వాడుతుంది. అక్కడ వల్నరబిలిటీ బదులు "వీక్‌నెస్ 5" అని ఉంటుంది, అంటే ప్రతి దెబ్బకి 5 కలుస్తుంది.

ఈ తేడా ఆటనే మార్చేస్తుంది. మొత్తం 30 డ్యామేజ్‌ని రెండు రకాలుగా కొడదాం: ఒకటే పెద్ద దెబ్బ, లేదా 5 చొప్పున ఆరు చిన్న దెబ్బలు.

- సగం పద్ధతిలో రెసిస్టెన్స్: పెద్ద దెబ్బకి 15. చిన్నవి ఒక్కోటి 2, మొత్తం 12.
- తీసివేత పద్ధతిలో రెసిస్టెన్స్ 5: పెద్ద దెబ్బకి 25. చిన్నవి అన్నీ సున్నా.
- రెట్టింపు పద్ధతిలో వల్నరబిలిటీ: ఎలా కొట్టినా 60.
- కలిపే పద్ధతిలో వీక్‌నెస్ 5: పెద్ద దెబ్బకి 35. చిన్నవి ఒక్కోటి 10, మొత్తం 60.

అంటే పాత్‌ఫైండర్‌లో రెసిస్టెన్స్ ఉన్నదాన్ని ఒక్క పెద్ద దెబ్బ కొట్టాలి, వీక్‌నెస్ ఉన్నదాన్ని చిన్న చిన్న దెబ్బలతో పొడవాలి. డీ అండ్ డీలో అంత ఆలోచన అక్కర్లేదు, లెక్క తేలిక. కానీ సగం అన్నది పెద్ద మంత్రాలకి చాలా బాధగా ఉంటుంది. రోజుకి రెండుసార్లు మాత్రమే వేయగలిగిన మంత్రం సగం అయిపోతే ఆడేవాడి మొహం కూడా సగం అయిపోతుంది. ఏది మంచిది అని అడిగితే, కొత్తవాళ్ళతో ఆడేటప్పుడు నా ఓటు సగం పద్ధతికే.

దసరాకి ఏం జరిగింది

ఇప్పుడు మొదట్లో చెప్పిన విషయం. సెలవులకి ఇంట్లో నలుగురం కలిశాం. నేను డీఎం. మా బావ కత్తివీరుడు, చెల్లి దేవుడి మంత్రాలు వేసే క్లెరిక్, ఇంటర్ చదివే మా బాబాయి కొడుకు సార్సరర్, అంటే పుట్టుకతో మంత్రశక్తి ఉన్నవాడు. వాడికి నిప్పంటే ఇష్టం. ఫైర్ బోల్ట్, స్కార్చింగ్ రే, ఫైర్‌బాల్, ఏది చూసినా నిప్పే. ఫోన్‌లో డైస్ యాప్ కూడా ఎర్ర థీమ్ పెట్టుకున్నాడు. వారం రోజులు ఐదో లెవెల్ కోసం ఎదురుచూశాడు, ఎందుకంటే ఫైర్‌బాల్ అప్పుడే వస్తుంది.

నేను చివరి ఫైట్‌కి ఫైర్ ఎలిమెంటల్‌ని పెట్టాను, ఒళ్ళంతా మంటగా ఉండే జీవి. పుస్తకంలో దాని బొమ్మ బాగుంది, లెవెల్‌కి సరిపోతుంది, అంతే ఆలోచించాను. దానికి ఫైర్ ఇమ్యూనిటీ ఉంటుందని నాకు తెలుసు. అది మా తమ్ముడికి ఏం చేస్తుందో ఆలోచించలేదు.

వాడి మొదటి టర్న్, మొదటి ఫైర్‌బాల్. ఎనిమిది పాచికలు, మొత్తం 34. ముగ్గురూ అరిచారు. నేను "ఏం కాలేదు" అన్నాను. వాడు నవ్వాడు, సేవ్ అయిందేమో అనుకున్నాడు. రెండో టర్న్ స్కార్చింగ్ రే, మూడు కిరణాలూ తగిలాయి. మళ్ళీ నేను "ఏం కాలేదు". మూడో టర్న్ నుంచి వాడి వంతు వచ్చినప్పుడల్లా "పాస్" అన్నాడు. బావ కత్తి దెబ్బ కూడా సగమే తగులుతోంది, ఫైట్ గంట దాటింది. చివరికి గెలిచాం, ఎవరికీ గెలిచినట్టు లేదు.

మర్నాడు పొద్దున పిలిస్తే, "మీరే ఆడుకోండ్రి అన్నా, నాతోని ఏం పని లేదు గదా" అన్నాడు. అలిగాడు అనుకున్నాను. రాత్రి నా నోట్స్ మళ్ళీ చదివితే అర్థమైంది, వాడు చెప్పింది కరెక్టే. నేను తయారు చేసిన ఫైట్‌లో వాడికి నిజంగానే పని లేదు. రూల్స్ అన్నీ సరిగ్గా ఫాలో అయ్యాను, లెక్క ఒక్కటీ తప్పలేదు. కానీ వాడికి ఏమీ తెలియనివ్వలేదు, ఇంకో దారి కూడా పెట్టలేదు.

జరాసంధుడి ఫైట్‌లో గడ్డిపరక

అప్పుడు నాకు గుర్తొచ్చింది మనం చిన్నప్పటి నుంచీ విన్న జరాసంధుడి కథ. భీముడు జరాసంధుణ్ణి రెండుగా చీల్చి పడేస్తాడు. రెండు ముక్కలూ మళ్ళీ అతుక్కుని వాడు లేస్తాడు. భీముడి బలానికి లోటు లేదు, దెబ్బ పూర్తిగా తగులుతోంది, ఫలితం మాత్రం సున్నా. అప్పుడు కృష్ణుడు ఒక గడ్డిపరకని చీల్చి, రెండు ముక్కల్నీ అటుది ఇటు, ఇటుది అటు తిరగేసి విసురుతాడు. భీముడికి అర్థమవుతుంది. ఈసారి చీల్చి ముక్కల్ని తిరగేసి పడేస్తాడు, అవి అతుక్కోవు.

డీ అండ్ డీలో ట్రోల్ అచ్చం జరాసంధుడే. కొట్టినకొద్దీ గాయాలు మానిపోతుంటాయి. నిప్పు గానీ యాసిడ్ గానీ తగిలితేనే ఆ మానడం ఆగుతుంది. అది తెలియని గ్రూప్ రాత్రంతా కొడుతూనే ఉంటుంది.

ఆ కథలో నాకు నచ్చింది కృష్ణుడి పద్ధతి. రూల్ చదివి వినిపించలేదు, తనే వెళ్ళి చంపనూ లేదు. ఒక గుర్తు చూపించాడు, పని భీముడితోనే చేయించాడు. గడ్డిపరక లేకపోతే ఆ ఫైట్ ఎప్పటికీ అయ్యేది కాదు, ఆ కథ మనకి గుర్తుండేదీ కాదు. నా దసరా ఫైట్‌లో లేనిది ఆ గడ్డిపరకే.

రెండోసారి ఎలా చేశాను

తమ్ముణ్ణి బతిమాలి ఇంకొక్క సెషన్‌కి కూర్చోబెట్టాను. మళ్ళీ ఫైర్ ఎలిమెంటల్‌నే పెట్టాను, కావాలనే. ఈసారి చోటు మార్చాను: ఎండిపోయిన కాలువ, దాని గట్టు మీద ఒక తూము, తూము చెక్క తలుపుని మోకుతో కట్టేసి ఉంచారు, అవతల చెరువు నిండా నీళ్ళు. సాగర్ ఎడమ కాలువ చూస్తూ పెరిగినవాళ్ళకి తూము అంటే ఏంటో బొమ్మ గీసి చూపించక్కర్లేదు.

ఎలిమెంటల్ కాలువలో నడుస్తూ తడి మట్టి ఉన్న చోటల్లా చుట్టూ తిరిగి పోతోందని చెప్పాను. పొరపాటున ఒక అడుగు బురదలో పడితే బుస్సుమని ఆవిరి లేచి, అది వెనక్కి గుంజుకుందని చెప్పాను. ఇది నేను కల్పించింది కాదు. 2014 రూల్స్‌లోనే ఉంది: దాని మీద ఒక గ్యాలన్, అంటే దాదాపు 3.8 లీటర్ల నీళ్ళు పడిన ప్రతిసారీ 1 కోల్డ్ డ్యామేజ్.

తమ్ముడు మొదట అలవాటు ప్రకారం దాని మీదికే ఫైర్ బోల్ట్ వేశాడు. ఈసారి "ఏం కాలేదు" అనలేదు. "నీ మంట దాని మంటలో కలిసిపోయింది, దానికి వేడి తెలిసినట్టే లేదు" అన్నాను. వాడు కాసేపు ఆగాడు. ఆవిరి సంగతి మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పాను. "ఆ మోకు దేంతో చేసింది?" అని అడిగాడు. కొబ్బరి పీచుతో అన్నాను. ఫైర్ బోల్ట్ మోకు మీద వేశాడు. ఫైర్ బోల్ట్ తగిలిన కాలే వస్తువు అంటుకుంటుందని రూల్‌లో ఉంది, కాబట్టి పాస్ చేయడానికి నాకు ఆలోచించే పనే లేదు. మోకు తెగింది, తలుపు లేచింది, నీళ్ళు వచ్చాయి.

తూము నీళ్ళని గ్యాలన్లలో లెక్కపెట్టడం కుదరదు కాబట్టి రౌండ్‌కి 10డీ6 కోల్డ్ డ్యామేజ్ అని అక్కడికక్కడ నిర్ణయించాను. యావరేజ్ 35. ఎలిమెంటల్ హిట్ పాయింట్స్ 102. మూడో రౌండ్‌లో ఆరిపోయింది. ఆ పాచికలన్నీ తమ్ముడితోనే వేయించాను. నిప్పు మంత్రగాడు నిప్పుతోనే నిప్పు జీవిని ఆర్పేశాడు. ఇమ్యూనిటీ ఒక్క పాయింట్ కూడా తగ్గించలేదు, దాని పక్కన ఒక తలుపు పెట్టాను, అంతే.

మీరు డీఎం అయితే ఇవి గుర్తు పెట్టుకోండి

- ఫైట్ రాసేముందు ప్రతి ఆటగాడి క్యారెక్టర్ షీట్ చూడండి. ఎవరి డ్యామేజ్ మొత్తం ఒకే రకమో వాళ్ళ పేరు పక్కన రాసుకోండి. ఆ రకానికి ఇమ్యూనిటీ ఉన్న మాన్‌స్టర్‌ని పెడితే వాళ్ళకి వేరే పని కూడా పెట్టండి.
- ఫైట్‌కి ముందే ఒక గుర్తు చూపించండి. కాలని శవం, మంచు కరగని గుహ, వెండి బాణం గుచ్చుకున్న తోడేలు తోలు, ఏదో ఒకటి.
- డ్యామేజ్ చెప్పేటప్పుడు మూడింటికీ మూడు రకాల మాటలు వాడండి. రెసిస్టెన్స్ అయితే "కమిలింది గానీ నువ్వనుకున్నంత కాదు". ఇమ్యూనిటీ అయితే "దానికి తెలియనే లేదు". వల్నరబిలిటీ అయితే "ఆ దెబ్బకి అది కెవ్వుమంది". వినేవాళ్ళకి రెండో టర్న్‌కే లెక్క అర్థమవుతుంది.
- ఎవరైనా తెలివిగా అడిగితే సమాధానం దాచకండి. బాల్డర్స్ గేట్ 3లో ఎగ్జామిన్ నొక్కితే మాన్‌స్టర్ రెసిస్టెన్స్‌లు కనిపిస్తాయి. టేబుల్ మీద ఆ బటన్ మీరే.

మీరు ఆడేవాళ్ళయితే

ఒకే రకం డ్యామేజ్ మీద ఆధారపడకండి. మా వైపు వరికి దోమపోటు వస్తే అదే మందు మళ్ళీ మళ్ళీ కొడుతూ పోకూడదు, మార్చి మార్చి కొట్టాలి అంటారు. ఆటలో మాన్‌స్టర్‌కి రెసిస్టెన్స్ రోజురోజుకీ పెరగదు గానీ, చేయాల్సింది మాత్రం అదే. నిప్పు ఇష్టమైతే నిప్పే ఉంచుకోండి, పక్కన ఒక్క వేరే రకం స్పెల్ తీసుకోండి. ఫోర్స్‌కి రెసిస్టెన్స్ ఉన్న మాన్‌స్టర్స్ చాలా తక్కువ, కాబట్టి మ్యాజిక్ మిసైల్ దాదాపు ఎప్పుడూ వృథా పోదు. ఫైర్‌కీ పాయిజన్‌కీ అడ్డు తగిలేవి ఎక్కువ.

ఇక దెబ్బ పనిచేయనప్పుడు "ఎందుకు పనిచేయలేదు, నాకేం కనిపిస్తోంది?" అని డీఎంని అడగండి. అడగడం తప్పు కాదు, ఆటలో సగం అదే.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ఖర్చు ఏమీ అక్కర్లేదు. ఐదో ఎడిషన్ బేసిక్ రూల్స్ ఉన్న ఎస్ఆర్‌డీ 5.1 డాక్యుమెంట్‌ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఫ్రీగా ఇచ్చారు. పీడీఎఫ్ ఫోన్‌లో దించుకోండి. ఈ ఆర్టికల్‌లో చెప్పిన ఫైర్‌బాల్, ట్రోల్, స్కెలెటన్, వేర్‌వుల్ఫ్, ఫైర్ ఎలిమెంటల్ అన్నీ అందులో ఉన్నాయి. డైస్ లేకపోతే డైస్ యాప్ చాలు. నలుగురు మనుషులు, ఒక మధ్యాహ్నం కావాలి.

మా తమ్ముడు ఇప్పుడు ఇంకో క్యారెక్టర్ రాస్తున్నాడు. ఈసారి వాడే డీఎం అవుతాడట, నేను ఆడాలట. నాకు ఏ మాన్‌స్టర్ పెడుతున్నావురా అని ఫోన్ చేసి అడిగితే చెప్పలేదు. "ముందుగాల గుర్తులైతే ఇస్తా అన్నా, మంచిగ చూసుకో" అన్నాడు.